ఉత్తరపు అంచున ఒక కొండదారి

ఉత్తరాది యాత్ర అనగానే మనవాళ్ళకు కాశీ, హరిద్వారం, బదరీనాథం గుర్తుకొస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌కూ ఒక ఉత్తరపు అంచు ఉందనీ, అక్కడా కళ్ళారా చూడవలసిన కొండలున్నాయనీ చాలామందికి తట్టదు. విశాఖపట్నం దాకా వచ్చినవారు అరకు చూసి, తృప్తిపడి వెనుదిరుగుతారు. విజయనగరం మీదుగా ఇంకో 80 కిలోమీటర్లు పైకి పోతే పార్వతీపురం వస్తుంది. అక్కడినుంచి కురుపాం, గుమ్మలక్ష్మీపురాలకు పోయే దారి అరకుదారికి ఏమీ తీసిపోదు. పైగా రద్దీ లేదు.

మాఘమాసంలో మేము కారులో ఆ దారి పట్టాము. పార్వతీపురం దాటాక తోటపల్లి వద్ద నాగావళి ఎదురవుతుంది. ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం మీదుగా సముద్రంలో కలిసే ఈ నదికి ఇక్కడ బ్యారేజీ కట్టారు. ఇక్కడి వేంకటేశ్వరస్వామి కోవెలను ఈ వైపువారు చిన్న తిరుపతి అంటారు. అది దాటి ముందుకు పోయినకొద్దీ కొండలు దగ్గరకు జరుగుతాయి. పూతకొచ్చిన మామిళ్ళు, జీడిమామిడి తోటలు, వాటి వెనుక మంచు ఇంకా విడని వాలుమీద పోడు కొట్టిన చారలు. కారు ఆపకుండా పోవడం కష్టం.

కురుపాం ఒకప్పుడు జమీందారీ. విశాఖపట్నంలోని కురుపాం మార్కెట్టు పేరు ఈ ఊరి రాజులను బట్టి వచ్చినదే. ఈ కుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ 2011 నుంచి 2014 వరకు కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా ఉన్నారు. అంతకుముందు, అడవిలో సాగు చేసుకునేవారికి హక్కులిచ్చిన 2006 నాటి చట్టం బిల్లుగా ఉన్నప్పుడు, దాన్ని పరిశీలించిన పార్లమెంటు సంయుక్త సంఘానికి అధ్యక్షులు కూడా వారే.

ఆ చట్టం ఎందుకు అవసరమైందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. కురుపానికి చేరువలోనే మొండెంఖల్ ఉంది. 1967 అక్టోబరు 31న అక్కడ జరగవలసిన గిరిజన సంఘం సభకు పోతున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం దానితో రాజుకుంది. గిరిజనుల భూమి పరాయిచేతుల్లోకి పోకుండా 1959లో చేసిన నిబంధనను ప్రభుత్వం 1970లో మరింత బిగించింది. ఈ ప్రాంతం 1979లో విజయనగరం జిల్లాలోకీ, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకీ మారింది. జిల్లా పేర్లు మారినా, ఆ చారల పొలానికి పట్టా వచ్చిందా అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ ప్రతి ఇంటా వినిపిస్తుంది.

దారిలో ఒక సంత తగిలింది. చింతపండు, పసుపు, కందులు, కొండచీపుర్ల కట్టలు. మా ఆవిడ చీపుర్లు ఏరుతూండగా, అమ్ముతున్న సవర ముసలమ్మతో నేను మాట కలిపాను. పక్కనే మనవరాలు పలక పట్టుకుని కూర్చుంది.

"పిల్లకి మీ సవరమాట వచ్చునా అమ్మా?" అన్నాను.

"తెలుస్తాది గానీ పలకదు బాబూ. నాను మా మాటలో అడిగితే అది తెలుగులో చెప్తాది. బళ్ళో నవ్వుతారంట."

తెలుగు పాఠం చెప్పుకుని బతికే నాకు ఆ మాట చురుక్కుమంది. ఎందుకంటే, మన వాడుక తెలుగుకు పుస్తకాల్లో పీట వేయించిన గిడుగు రామమూర్తి పంతులుగారే సవరలకోసం కూడా పాటుపడ్డారు. ఇక్కడికి చేరువలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరభాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాల పాలై, వాడిన క్వినైను వల్ల చెవుడు తెచ్చుకున్నారు. అయినా మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు. వారు పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాము. పిల్లవాడికి చదువు నోటనున్న మాటలో మొదలుకావాలన్నది వారి పట్టు. అది తెలుగు పిల్లలకు ఎంత న్యాయమో సవర పిల్లలకూ అంతే. 2004లో రాష్ట్రప్రభుత్వం సవరతోసహా ఎనిమిది గిరిజనభాషల్లో బడి చదువు మొదలుపెట్టింది. పుస్తకం అచ్చువేస్తే చాలదు. ఆ మాట పలికిన పిల్లను చూసి తక్కినవాళ్ళు నవ్వకుండా ఉండాలి.

గుమ్మలక్ష్మీపురం దాటి పోతే ఒడిశాలోని గుణుపురం వస్తుంది. వెళ్ళదలచినవారికి రెండు మాటలు. బస పార్వతీపురంలో పెట్టుకోండి. ఒడిశావైపునుంచి దిగిన అడవి ఏనుగులు కొన్నేళ్ళుగా ఈ చుట్టుపక్కల తిరుగుతున్నాయి కనుక, చీకటి పడకముందే కొండదారి దాటండి. సంతలో చీపురుకు బేరమాడకండి. పిల్లలెవరైనా కనబడితే, ఆ కొండను మీ మాటలో ఏమంటారని అడగండి. మీకు నోరు తిరగకపోతే వాళ్ళే నవ్వుతారు. నవ్వనివ్వండి.