అంబులెన్స్ ఉద్యోగంలో స్త్రీకి సమాన స్థానం

సరిహద్దు గ్రామాల వారికి బెంగళూరు పెద్దాసుపత్రుల ఊరు. కుప్పం, హిందూపురం, బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతాల నుంచి ప్రాణాపాయంలో ఉన్నవారిని విక్టోరియాకో, నిమ్హాన్స్‌కో, జయదేవ హృద్రోగ సంస్థకో తరలించడం పరిపాటి. ఈ ప్రాంతపు ఆడపిల్లలు నర్సింగ్, పారామెడికల్ చదువులకు వెళ్లేదీ ఆ నగరానికే. కనుక అంబులెన్స్ ఉద్యోగంలో స్త్రీకి గల హక్కులేమిటో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం అవసరం.

108 సేవ 2005లో హైదరాబాదులో ఆరంభమైంది. కర్ణాటకలో ‘ఆరోగ్య కవచ’ పేరుతో 2008 నవంబరులో అమల్లోకి వచ్చింది. సాధారణంగా ఒక్కొక్క వాహనంలో ఇద్దరు ఉంటారు. ఒకరు పైలట్ అని పిలిచే డ్రైవరు. మరొకరు దారిలో చికిత్స చేసే అత్యవసర వైద్య సిబ్బంది, అనగా ఈఎంటీ. రెండవ స్థానంలో స్త్రీలు పనిచేస్తున్నారు గాని, స్టీరింగు మాత్రం దాదాపు పురుషులకే పరిమితమైంది. 2020లో తమిళనాడు ప్రభుత్వం ఒక మహిళను 108 డ్రైవరుగా నియమిస్తే అది దేశమంతటా వార్త అయింది. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్దేశించింది. పురుషుడై ఉండాలని ఎక్కడా చెప్పలేదు.

స్ట్రెచరు మోయడానికి స్త్రీకి బలం చాలదన్నది తరచుగా వినిపించే మాట. బరువెత్తడం కేవలం కండబలంతో జరిగే పని కాదు. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, ఇద్దరూ ఒకేసారి లేపాలి. ఈ పద్ధతి తెలియకుంటే పురుషుని నడుమూ దెబ్బతింటుంది. లోపం శిక్షణలోనే గాని శరీరంలో కాదు.

రాత్రిపూట భద్రత రెండవ అభ్యంతరం. ఇది నిజమైన సమస్యే. అయితే రక్షణ పేరుతో స్త్రీలను ఉద్యోగానికి దూరం చేయరాదని సుప్రీంకోర్టు 2007లో అనుజ్ గార్గ్ కేసులో స్పష్టం చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు కూడా అదే మార్గం అనుసరించాయి. స్త్రీ సమ్మతితో, తగిన భద్రత కల్పించి, రాత్రి 7 గంటల తరువాతా పని ఇవ్వవచ్చు. ఒకే విధమైన పనికి స్త్రీపురుషులకు వేతనంలో భేదం చూపరాదు, నియామకంలోనూ చూపరాదు.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, యజమాని సమకూర్చిన వాహనం కూడా పనిస్థలమే. అనగా పరుగెడుతున్న అంబులెన్స్‌లో జరిగిన వేధింపుపైనా మూడు నెలల లోపు ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండితీరాలి. చిన్న సంస్థల వారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది.

కుమార్తె ఈ ఉద్యోగంలో చేరుతానన్నప్పుడు తల్లిదండ్రులు వద్దనడానికి ముందు సంస్థను కొన్ని ప్రశ్నలు అడగాలి. నియామక పత్రం ఇస్తారా? పురుషునితో సమానంగా జీతం ఉందా? వాహనం నిలిపేచోట మరుగుదొడ్డి, విశ్రాంతి గది ఉన్నాయా? రాత్రి విధి ముగిశాక ఇంటికి చేర్చేదెవరు? కమిటీ సభ్యులెవరు? జవాబులు సరిగా లేకపోతే మారవలసింది సంస్థే.

అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినప్పుడు బండిలో ఆడమనిషి ఉంటే బాగుండునని ప్రతి ఇల్లూ కోరుకుంటుంది. ఆమె తెలుగూ కన్నడమూ తెలిసినదైతే ఆ గర్భిణికి సగం భయం తీరుతుంది. అటువంటి ఉద్యోగినులు మన ఇళ్లనుంచే రావాలి.