వానను కొలుచు విధము

మృగశిర కార్తెలో తొలకరి జల్లు కురియగానే ఊరిలో ప్రతివారును “మంచి వాన కురిసినది” అందురు. ఎంత కురిసినదని యడిగినచో ఒకరు దుక్కి వాన యందురు, మరియొకరు కాలువలు పారినవందురు. ఈ మాటలు అనుభవమునుండి పుట్టినవే గాని ఒకరి యంచనా మరియొకరి యంచనాతో సరిపోదు. తొలకరిని నమ్మి తొందరపడి విత్తిన పిమ్మట వరపు వచ్చినచో మొలక మాడిపోవును. విత్తనమును, కూలియును, అదనును ఒక్కసారిగా పోవును. ఈ నష్టమును తగ్గించుకొనుటకు వానను కొలిచి వ్రాసికొనుట సులభమైన యుపాయము.

1. వర్షపాతమనగా నేమి?

కురిసిన నీరు పారిపోక, ఇంకక, ఆవిరి గాక నేలపై సమముగా నిలిచినచో ఎంత లోతుండునో అదియే వర్షపాతము. పూర్వము దీనిని అంగుళములలో చెప్పెడివారు. ఇప్పుడు మిల్లీమీటర్లలో చెప్పుచున్నారు. ఒక అంగుళము 25.4 మి.మీ. ఒక చదరపు మీటరు నేలపై 1 మి.మీ. వాన కురిసినచో 1 లీటరు నీరగును. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. కావున 25 మి.మీ. వానవలన ఎకరమునకు లక్ష లీటర్లకు మించిన నీరు లభించును.

ఈ కొలత మనకు క్రొత్తది కాదు. ధాన్యాగారమునొద్ద మూరెడు వెడల్పు నోరుగల పాత్రనుంచి వానను కొలువవలెనని కౌటిల్యుని యర్థశాస్త్రమునందు చెప్పబడియున్నది.

2. పాత్ర యెట్టిది?

అడుగునుండి నోటివరకు ఒకే వెడల్పు గల డబ్బా కావలెను. అట్టిది పెద్దదైనను చిన్నదైనను లోతు ఒక్కటియే. పెద్ద డబ్బాలో ఎక్కువ నీరు పడినను అది ఎక్కువ వెడల్పున పరచుకొనును. బిందె, కుండ పనికిరావు. వాని నోరొక వెడల్పు, కడుపొక వెడల్పు గనుక లోతు తప్పుగా కనబడును. అడుగు చదునుగా లేని డబ్బాయు తగదు.

ప్రభుత్వ వర్షమాపకములో నీరు గరాటుగుండ లోపలి సీసాలో చేరును. దానిని సన్నని గాజు పాత్రలో పోసి చూతురు. గరాటు నోటి వైశాల్యమును లెక్కించియే ఆ గాజుపై గీతలు వేయబడియుండును. కావున ఒక మాపకపు గాజును వేరు కొలత గల మాపకమునకు వాడరాదు.

3. ఉంచవలసిన చోటు

చెట్టు క్రిందను, చూరు ప్రక్కను ఉంచరాదు. చెట్టుగాని గోడగాని ఎంత యెత్తున్నదో దానికి కనీసము రెండింతల దూరమున ఉంచవలెను. నేలపై పడిన చినుకులు చింది లోపల పడకుండ నోరు నేలకు 30 సెం.మీ. ఎత్తున, వంపు లేకుండ నిలుపవలెను. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు చూచి, వ్రాసికొని, నీటిని పారబోయవలెను. ఆలస్యమైనచో కొంత నీరు ఆవిరియై లెక్క తగ్గును.

4. నేలలో నిలిచిన పదును

ఆకాశ మిచ్చినదంతయు నేలకు దక్కదు. గంటసేపు కుండపోతగా కురిసిన వానలో చాలభాగము పారిపోవును. అంతే వాన దినమంతయు నెమ్మదిగా కురిసినచో చాలవరకు ఇంకును. అదిగాక ఒకే వానకు చెలకలో పదును లోతుగా దిగును గాని త్వరగా ఆరిపోవును. రేగడిలో తక్కువ లోతు దిగినను ఎక్కువకాలము నిలుచును. కావున వాన వెలిసిన మరునాడు గడ్డపారతో చేనిలో మూడు చోట్ల త్రవ్వి, తడి ఎంత లోతు దిగినదో బద్దతో కొలిచి, వాన లెక్క ప్రక్కనే వ్రాసికొనవలెను.

5. విత్తుటకు ముందు

వర్షాధారపు పైరులను తేలిక నేలలలో 50 నుండి 60 మి.మీ., బరువు నేలలలో 60 నుండి 75 మి.మీ. వాన కురిసిన పిమ్మటనే విత్తుట మేలు. ఉదాహరణకు, జూన్ 8వ తేదీన 18, 11న 9, 12న 31 మి.మీ. లెక్కకు వచ్చినవనుకొనుడు. మొత్తము 58. పదును చాలినంత యున్నచో చెలక రైతు విత్తవచ్చును. రేగడి రైతు మరియొక వానకొరకు ఆగవలెను. వానల నడుమ ఎండ కాసి పైతడి ఆరిపోయినచో మొత్తమును మాత్రమే చూచి విత్తరాదు. త్రవ్వి చూచియే నిశ్చయింపవలెను.

ఊరికి ఒక దిక్కున కురిసిన వాన మరియొక దిక్కున కురియకపోవుట రైతులెరిగినదే. మండల కేంద్రపు లెక్క ఆ కేంద్రమునకే సరియైనది. తన చేని లెక్క తన చేనిలోనే దొరకును. దానికి కావలసినది ఒక డబ్బా, ఒక బద్ద, ఒక పుస్తకము. నాలుగైదేండ్లు విడువక వ్రాసినచో తన నేల ఎంత వానకు ఎంత పదునగునో రైతునకు స్వయముగా తెలియగలదు.