పాలక్యాను కడుగుట ఎట్లు?

సంగం జాగర్లమూడి పరిసర గ్రామములలో ఉదయము, సాయంత్రము పాలక్యాన్లు కదలుట నిత్యము చూచు దృశ్యమే. 1977లో నెలకొన్న సంగం డెయిరీ ఆ చేరువనే వడ్లమూడిలో ఉన్నది. పొదుగునుండి వెలువడిన పాలు మన శరీరమంత వెచ్చగా ఉండును. సూక్ష్మజీవులకు ఇంతకన్న సుఖమైన చోటు దొరకుట అరుదు. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. క్యాను మూత అంచున మిగిలిన పాలచారలో అట్టి క్రిమి ఒక్కటే ఉన్నదనుకొందము. ఆరు గంటలలో 18 రెట్టింపులు. అనగా 2,62,144 క్రిములు! అందుచేతనే పాలను త్వరగా 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లార్చుదురు. చలి క్రిములను చంపదు, వాటి వృద్ధిని మందగింపజేయును, అంతే. 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు ఉంచి చేయు పాశ్చరీకరణము రోగక్రిములను చంపును గాని, అటుపిమ్మట మురికిగొట్టములో ప్రవేశించిన పాలను కాపాడజాలదు.

మరి శుభ్రపరచుట ఎట్లు? సలసల కాగు నీరు పోసి తోమిన చాలునని పలువురు అనుకొందురు. ఇది పొరపాటు. గ్రుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడును గదా! పాలలోని మాంసకృత్తులు కొన్ని అట్లే గట్టిపడి లోహమునకు అంటుకొనును. కావున మొదట గోరువెచ్చని నీటితో కడుగవలెను. తరువాత వేడి కాస్టిక్ సోడా ద్రావణము. అది క్రొవ్వును సబ్బుగా మార్చును, మాంసకృత్తులను కరిగించును. అయినను రోజులు గడచినకొలది లోపల గరుకైన తెల్లని పొర ఒకటి పేరుకొనును. దీని ఆంగ్లనామమును తెనిగించిన ‘పాలరాయి’ అగును. నేలపై పరచు పాలరాయి మాత్రము కాదు! ఇందు ముఖ్యముగా ఉండునది కాల్షియం ఫాస్ఫేటు. ఇది క్షారమునకు లొంగదు. దీనికి పలుచని నైట్రిక్ ఆమ్లము కావలెను. దశదశకు నడుమ మంచినీటితో కడిగి, తుదకు క్రిమిసంహారకము వాడుదురు.

చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. ఆ క్రిమిసంహారకము తరచుగా క్లోరిన్ ద్రావణమే. అది ఆమ్లముతో కలసినచో క్లోరిన్ వాయువు వెలువడును. 1915లో ఈప్ర్ యుద్ధరంగమున సైనికులపై ప్రయోగించిన విషవాయువు ఇదియే. పేరు వ్రాయని రెండు డబ్బాలు ప్రక్కప్రక్కన ఉన్న గదిలో ప్రమాదమునకు ఒక తొందరపాటు చాలును.

జపాను కర్మాగారములలో అక్కరలేనిది తొలగించుట, ఉన్నదానికి చోటు ఏర్పరచుట, తుడుచుట, ఈ మూటిని నియమముగా నిలుపుట, అలవాటుగా పాటించుట అను ఐదు సూత్రములు ప్రసిద్ధములు. వీటిలో రెండవదే మనవారు తేలికగా తీసికొందురు. మునుపు ఒక కళాశాల ప్రయోగశాలలో నేను సీసాలన్నిటిని అక్షరక్రమమున పేర్చి మురిసిపోతిని. చూపునకు ముచ్చటగా ఉండెను. తీరా చూడగా నాఫ్తలీను ప్రక్కన గాఢ నైట్రిక్ ఆమ్లము! మండు పదార్థము చెంత, దానిని మండింపగల ఆమ్లమన్నమాట. ఆ సాయంత్రమే అన్నిటిని దింపి, ఏది దేనితో కలిసిన ఏమగునో విచారించి మరల సర్దితిని.

పాత్రశుద్ధిని బడిలో పరీక్షింపవచ్చును. ఒకే పచ్చిపాలను చక్కగా కడిగిన గిన్నెలో కొన్ని, పైపైన తొలిచిన గిన్నెలో కొన్ని పోసి మూడు గంటలు ఉంచుడు. ఒక్కొక్క దానినుండి 10 ఘనసెంటీమీటర్ల పాలు శుభ్రమైన పరీక్షనాళికలోనికి తీసికొని, పలుచని మిథిలీన్ బ్లూ ద్రావణము 1 ఘనసెంటీమీటరు కలిపి, బిరడా బిగించి, 37 డిగ్రీల నీటిలో నిలుపుడు. బాక్టీరియాలు పాలలోని ఆక్సిజనును వాడుకొనుటచే నీలిరంగు విరిగి తెలుపగును. క్రిములు మిక్కిలిగా ఉన్న పాలు అరగంటలోపలనే తెల్లబడును. మంచిపాలలో రంగు గంటల తరబడి నిలుచును. పరీక్షించిన పాలను త్రాగరాదు.