మొదటి చుట్టు

కర్నూలు పట్టణం గుండా పారే కె.సి. కాలువ గట్టు మీద ఫజ్ర్ నమాజు తరువాత నడవటం మాకు మూడేళ్ళుగా అలవాటు. పుణ్యం ఆశించి మొదలుపెట్టిన నడక కాదిది. చక్కెర వ్యాధి ఉన్నదని తేలినప్పుడు వైద్యుడు విధించినది. మేము తస్బీహ్ చదువుకుంటూ మెల్లగా సాగుతుంటే మా పక్కనుంచి యువకులు గుంపులు గుంపులుగా పరుగెత్తుకుపోయేవారు. వారంతా పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారని కొన్నాళ్ళకు తెలిసింది. ఒకరోజు వారిలో ఒక ముఖాన్ని గుర్తుపట్టి, అతను మమ్మల్ని గుర్తుపట్టకముందే మేము తల పక్కకు తిప్పుకున్నాము. ఎందుకు తిప్పుకున్నామో తరువాత చెబుతాము.

ఆ ఉద్యోగానికి మన రాష్ట్రంలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. పురుషులు 8 నిమిషాలలోను, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలోను ముగించాలి. 400 మీటర్ల మైదానమైతే నాలుగు చుట్లు, పురుషులకు చుట్టుకు రెండు నిమిషాలు. చుట్టుకు రెండు నిమిషాలంటే వినటానికి పెద్ద వేగమేమీ కాదు. కాని గట్టు పక్కనున్న మైదానంలో మేము కళ్ళారా చూసినదేమిటంటే, మొదటి చుట్టును నిమిషంన్నరలో ముగించి అందరికన్నా ముందు నిలిచిన కుర్రవాడే మూడో చుట్టులో నడుము పట్టుకుని నిలబడిపోయేవాడు. ఊపిరి చాలక, పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయి, వెనుకనున్నవారు ఒక్కొక్కరే దాటిపోతుంటే చూస్తూ ఉండిపోయేవాడు. అలా ఆగినవారు బలహీనులేమీ కాదు, చాలావరకు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవారే.

వారికి తర్ఫీదు ఇచ్చేవారు సైన్యంలో హవల్దారుగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి. ఆయన రోజూ ఒకే మాట చెప్పేవారు: “మొదటి రౌండు నాది. నేను చెప్పినంతే పరుగెత్తాలి. చివరి రౌండు నీది, నీ ఇష్టం.” వారంలో నాలుగు రోజులు పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా దూరం పరుగెత్తించేవారు. కఠినమైన వేగం రెండు రోజులే. ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే ముగించి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగించేవారు. ఏప్రిల్, మే నెలల్లో మా కర్నూలు, కడప జిల్లాల ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. చెమటతో పోయిన నీటితోపాటు ఉప్పు కూడా తిరిగి అందకపోతే కండరాలు పట్టేస్తాయని ఆయన అనుభవం.

నిజానికి పరుగు తెలిసినవారు 1600 మీటర్లను దూరపు పరుగుగా లెక్కించరు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. కాని ఈ పిల్లల విషయంలో అసలు దూరం మైదానంలో లేదు, క్యాలెండర్‌లో ఉంది. 6,100 ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది, 95 వేల మందికి పైగా అర్హత పొందారు. రెండు నెలల్లో పరుగు పరీక్ష అన్నారు. ఎన్నికలు వచ్చాయి, న్యాయస్థానంలో వ్యాజ్యాలు నడిచాయి. ఆ పరుగు పరీక్ష మొదలైనది 2024 డిసెంబరు 30న! తుది వ్రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆ ఆగస్టులో. ప్రకటన నాడు ఇరవై ఏళ్ళున్నవాడికి ఫలితం వచ్చేసరికి ఇరవై మూడు. రెండు నెలలే కదా అని ఉన్న పని మానుకుని, ఉన్న శక్తినంతా ఆ రెండు నెలల్లోనే ఖర్చుచేసినవారిలో చాలామంది గట్టు మీద మళ్ళీ కనిపించలేదు. పగలు ఏదో ఒక పని చేసుకుంటూ, తెల్లవారుజామున గంటసేపు మాత్రం వదలకుండా వచ్చినవారే చివరిదాకా మిగిలారు.

ఈ దృశ్యం చూస్తున్నప్పుడల్లా మేము ఏళ్ళ తరబడి బోధిస్తూ వచ్చిన ఒక హదీసు కొత్తగా అర్థమయ్యేది. సహీహ్ ముస్లింలో హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) వృత్తాంతం ఉంది. దైవప్రవక్త (స) ఒంటెలను తోలుకుపోయిన ముష్కరులను ఒంటరిగా, కాలినడకన తరిమి, వారు భారం తగ్గించుకోవటానికి దుప్పట్లూ ఈటెలూ వదిలి పారిపోయేలా చేసిన మహావీరుడాయన. కాల్బలంలో శ్రేష్ఠుడని స్వయంగా దైవప్రవక్త (స) ప్రశంసించారు. తిరుగు ప్రయాణంలో పరుగులో ఓటమి ఎరుగని ఒక అన్సారీ సహాబీ, మదీనా దాకా నాతో పందెం కాసేవారెవరైనా ఉన్నారా అని సవాలు విసిరారు. ప్రవక్త (స) అనుమతితో సలమా (రజి) ఒంటె మీదినుంచి దూకారు. తరువాత జరిగిన దానిని ఆయన తానే వివరించారు. ఒకటి రెండు మిట్టలు దాటేవరకు ఊపిరి నిలుపుకోవటానికి తనను తాను ఆపుకున్నారట. కొంత పరుగెత్తి, మళ్ళీ ఒకటి రెండు మిట్టలు ఆపుకున్నారట. ఆ తరువాతనే వేగం పెంచి అతన్ని అందుకుని, భుజాల మధ్య తట్టి, మదీనాకు ముందుగా చేరారు.

మేము ఈ హదీసును ఇరవైసార్లకు తక్కువ కాకుండా తరగతిలో చదివి ఉంటాము. ప్రతిసారీ సలమా (రజి) ధైర్యాన్నీ, విధేయతనూ వివరించి ముందుకు సాగేవారము. ఆ మిట్టల దగ్గర ఎన్నడూ ఆగలేదు. గెలవగలిగినవాడు ముందుగా తనను తాను ఆపుకున్నాడన్న సంగతి, పరుగెత్తే పిల్లలను చూసేవరకు మాకు తట్టలేదు.

ఇక ఆ కుర్రవాడి సంగతి. అతను మా దగ్గర హిఫ్జ్ చేసినవాడు, చేస్తూ మానేసినవాడు. సొంత ఊరు కడప. కర్నూలులోని మేనమామ ఇంట ఉండి చదువుకునేవాడు. మరో ఉస్తాదు దగ్గర అయిదు పారాలు ముగించి, ఆయన వేరే ఊరికి వెళ్ళిపోవటంతో మా చేతికి వచ్చాడు. పదునైన జ్ఞాపకశక్తి. ఆ ఏడాది జల్సాలో ముగ్గురు పిల్లలకైనా దస్తార్‌బందీ జరగాలని మాకు పట్టుదల. కమిటీ పెద్దలకు మాట కూడా ఇచ్చాము.

హిఫ్జ్ పద్ధతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. విద్యార్థికి రోజూ మూడు పనులుంటాయి. కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్ఖీ, చాలాకాలం క్రితం ముగించిన పారాల పునశ్చరణ మంజిల్. బయటివారికి కనిపించేది సబఖ్ ఒక్కటే. ఎన్ని పారాలయ్యాయని అడుగుతారు, ఎన్ని నిలిచాయని ఎవరూ అడగరు. పదిహేను పంక్తుల ప్రతిలో పారాకు సుమారు ఇరవై పేజీలు. మేము ఆ పిల్లవాడికి రోజుకు పేజీ బదులు రెండు పేజీలిచ్చాము. వేళ చాలక మంజిల్ తగ్గించాము. మంజిల్ అంటేనే బాటసారి ఒకరోజు నడిచి బసచేసే చోటు. బస లేకుండా నడిపించామన్న మాట. పద్దెనిమిదో పారాలో ఉండగా ఒకరోజు మూడో పారా నుంచి అడిగాము. రెండు ఆయతులు చదివి ఆగిపోయాడు. అందరి ముందు కఠినంగా మందలించాము. ఆ జుమా సెలవుకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కాలికట్టు వేసిన ఒంటె కన్నా త్వరగా ఖుర్ఆన్ మనసునుంచి జారిపోతుందని ప్రవక్త (స) హెచ్చరించిన విషయాన్ని పిల్లలకు వల్లె వేయించేవారము మేమే!

గట్టు మీద తల తిప్పుకున్నది ఇందుకు. కాని అతనే దగ్గరకు వచ్చి సలాం చేసి, “హజ్రత్, ఆరోగ్యం ఎట్లుంది?” అన్నాడు. మాకు మాట పెగలలేదు. మేనమామ పంక్చరు దుకాణంలో పనిచేస్తున్నాడట. అంతకుముందు వారమే మొదటి చుట్టు వేగంగా పరుగెత్తి మూడో చుట్టులో పడిపోయాడట. నవ్వుతూ చెప్పాడు. “మొదటి రౌండు నాది” అని హవల్దారుగారు అన్నప్పుడల్లా, ఆ మాట పిల్లవాడికి కాదు మాకే తగులుతున్నట్లుండేది. శిష్యుణ్ణి ఆపి పట్టవలసిన మొదటి చుట్టులో మేమే వెనుకనుంచి తరిమాము.

ఇది మద్రసాకే పరిమితమైన విషయం కాదు. రమజాన్ మొదటి వారంలో వచ్చిన బట్టలన్నీ తీసుకుని, చాంద్ రాత్‌నాడు ముఖం చాటేసే దర్జీని మనమెరుగుదుము. అతనికి పని రాదని కాదు, తన కుట్టుమిషను రోజుకు ఎన్ని జతలు నడుస్తుందో లెక్క వేసుకోలేదు. పనిలో ఉత్సాహం ఎక్కువగా ఉన్న రోజున వేసుకున్న లెక్క, ఒంట్లో నలతగా ఉన్న రోజున కూడా నిలవాలి. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) యౌవనంలో ప్రతిరోజూ ఉపవాసం, రాత్రంతా ఆరాధన అని సంకల్పించారు. నెలకు మూడు ఉపవాసాలు చాలని, నెలకొకసారి ఖుర్ఆన్ ముగిస్తే చాలని ప్రవక్త (స) తగ్గించబోతే, ఇంకా చేయగలనని ఆయన పట్టుబట్టారు. వృద్ధాప్యంలో శరీరం సహకరించనప్పుడు, ఆ రాయితీని ఆనాడే స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయన అనుకున్నట్లు బుఖారీలో ఉంది. ప్రవక్త (స)తో ఒప్పుకున్న దానిని వదలటానికి మనసొప్పక ఆయన పడిన కష్టం మనకోసమే నమోదై ఉన్నదేమో.

మరొక లోపం కూడా మాది ఉంది. 1333లో హిందూదేశంలో అడుగుపెట్టిన ఇబ్న్ బతూతా ఇక్కడి కాలినడక తపాలాను వర్ణించాడు. మైలుకు మూడుచోట్ల హర్కారాలుండేవారు. ఒకచేత ఉత్తరం, మరొకచేత రాగిగంటలు కట్టిన కర్ర. గంటల చప్పుడు వినగానే ముందున్నవాడు సిద్ధమై నిలబడి, ఉత్తరం అందుకుని పరుగు తీసేవాడు. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణమైతే వార్త అయిదు రోజుల్లో చేరేదట. అంటే ఎవరూ మైలులో మూడోవంతుకు మించి పరుగెత్తలేదు. పని సాగినది అప్పగింత వల్ల. ఆ పిల్లవాడిని మేము అందుకున్నప్పుడు, అయిదు పారాల్లో ఏవి గట్టిగా ఉన్నాయి, ఏవి వదులుగా ఉన్నాయి అని పాత ఉస్తాదుకు ఒక ఫోను కూడా చేయలేదు.

మా ఆడపిల్లలు ఈ శీర్షిక చదివి ఇదంతా మగపిల్లల గొడవ అనుకోకూడదు. పదిహేనేళ్ళ వయసులో ఇథియోపియా నుంచి శరణార్థిగా నెదర్లాండ్స్ చేరి, అక్కడ నర్సు చదువు చదివిన సిఫాన్ హసన్ 2023 ఏప్రిల్ 23న లండన్‌లో తన మొదటి మారథాన్ పరుగెత్తింది. అప్పటికి రమజాన్ ముగిసి రెండు రోజులే. ఉపవాసాలతోనే సాధన చేసింది. సగం దారిలో తుంటి నొప్పి పుట్టి, ఆగి, కాలు సాగదీసుకుంది. ముందున్నవారు దూరమైపోయారు. బెదరక, ఒక్కసారిగా ఎగబడక, కొద్దికొద్దిగా అందుకుని 2 గంటల 18 నిమిషాల 33 సెకన్లలో గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్ మారథాన్ స్వర్ణం కూడా ఆమెదే. పతకం అందుకున్నది హిజాబ్‌తో. పోటీ దుస్తుల విషయంలో పెద్దలకు అభ్యంతరాలుంటాయి, మాకూ ఉన్నాయి. కాని నొప్పి వచ్చినప్పుడు ఆగటం ఓటమి కాదని తెలిసిన ఆమె వివేకం మన ఇళ్ళలో చెప్పుకోదగినదే.

ఆ కుర్రవాడు 1600 మీటర్ల పరుగును 7 నిమిషాల 10 సెకన్లలో ముగించాడు. తుది వ్రాతపరీక్షలో మార్కులు చాలక ఎంపిక కాలేదు. ఇప్పుడు కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తున్నాడు. గట్టు మీద కలిసిన కొన్నాళ్ళకు, పరుగు ముగిశాక మా పక్కన కూర్చుని మొదటి పారా నుంచి వినిపించటం ప్రారంభించాడు. రోజుకు అర పేజీ, దానితోపాటు పాతదంతా వంతులవారీగా. జల్సా లేదు, తారీఖు లేదు. కడప వెళ్ళిన తరువాత ఫోనులో వినిపిస్తున్నాడు. గతనెల పదిహేడో పారాకు వచ్చాడు. మొన్న ఉత్సాహం పట్టలేక, “హజ్రత్, రేపటినుంచి పేజీ మొత్తం వినిపిస్తాను” అన్నాడు.

“అర పేజీ చాలు బేటా. మూడో పారా ఒకసారి చదువు, విందాము” అన్నాము. సగం చదివేసరికి ఫ్యాక్టరీకి వెళ్ళే ఆటో వచ్చింది. మిగతాది ఇషా తరువాత వినిపిస్తానని చెప్పి ఫోను పెట్టేశాడు.