పాత కంప్యూటర్, కొత్త వ్యవస్థ: మారే ముందు చూసుకోవలసినవి

మన సొసైటీకి దాతలు ఇచ్చే వస్తువులలో కుట్టుమిషన్లు, నోటుపుస్తకాలతో పాటు ఇటీవల కంప్యూటర్లు కూడా ఉంటున్నాయి. ఆఫీసులో కొత్తవి కొన్నప్పుడు పాతవాటిని పిల్లల శిక్షణ గదికి పంపిస్తున్నారు. ఇకపై వచ్చే ఇలాంటి పాత కంప్యూటర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. దాతలకు అది ముందే తెలియడం మంచిది.

మనలో ఎక్కువ మంది వాడుతున్న విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవారు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఉంది. గడువు దాటిందని కంప్యూటర్ ఆగిపోదు, మామూలుగానే పనిచేస్తుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలను సరిచేసేవారు ఉండరు. పోనీ విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తరువాతిదో కావాలి. 2015, 2016 నాటి ఆఫీసు కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా ఈ పరీక్షలో తప్పుతాయి. వాటిని తుక్కు కింద అమ్మేయాలా? అక్కర లేదు, ప్లాట్‌ఫాం మార్చవచ్చు.

ప్లాట్‌ఫాం అంటే ఇక్కడ కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, దానిపై ఆధారపడే ప్రోగ్రాములు. విండోస్ ఒకటి, ఆపిల్ వారి మ్యాక్ ఒకటి, లినక్స్ ఒకటి. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్‌ను నేడు ప్రపంచమంతటా ఎందరో కలిసి పెంచుతున్నారు. ఉబుంటు, లినక్స్ మింట్ అనేవి దాని రూపాలు. వీటికి లైసెన్సు రుసుము లేదు. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌పై కూడా హాయిగా నడుస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పదిహేనేళ్లకు పైగా పిల్లలు లినక్స్ మీదనే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారు చేసింది.

అయితే ప్లాట్‌ఫాం మారడం ఇల్లు మారడం లాంటిది. ఇల్లు దొరకడం కన్నా సామాను చేరవేయడమే కష్టం. ఇక్కడ సామాను అంటే మన ఫైళ్లు. తెలుగువారికి అందులోనూ ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది.

మన ప్రెస్సులలోనూ డీటీపీ సెంటర్లలోనూ చాలాకాలంగా పేజ్‌మేకర్, అను ఫాంట్లు రాజ్యమేలాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా నేటికీ ఎన్నో ప్రత్యేక సంచికలు దానిలోనే తయారవుతున్నాయి. అను వంటి పాత ఫాంట్లలో జరిగేది ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెడతారు. మనకు తెలుగు కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. వెతికితే పేరు దొరకదు, అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టలేదు. యూనికోడ్ పద్ధతి వేరు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ‘క’ సంఖ్య 3093. విండోస్‌లో అయినా, లినక్స్‌లో అయినా, చేతిలోని ఫోన్‌లో అయినా అది 3093 గానే ఉంటుంది. ఫాంట్ మారితే అక్షరం అందం మారుతుంది తప్ప అక్షరం మారదు. మండలి, రామభద్ర, సురన్న వంటి చక్కని యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

కాబట్టి నా అభిప్రాయంలో మారవలసిన క్రమం ఇది: ముందు రాత, తరువాత ప్రోగ్రాము, చివరకు ఆపరేటింగ్ సిస్టమ్. సభ్యుల జాబితాలు, లబ్ధిదారుల వివరాలు అను ఫాంట్లలో ఉంటే, విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే సాధనాలు ఉన్నాయి. కానీ ఒత్తులు, పొల్లులు కొన్నిచోట్ల చెదురుతాయి గనుక ఒకరు కూర్చుని చదివి సరిచూడాలి. పేరు తప్పుపడితే స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోతుంది, అది పిల్లవాడి ఏడాది చదువు. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూ ఫైళ్లదీ ఇదే కథ.

తరువాత అదే విండోస్‌లో లిబ్రేఆఫీస్ వేసుకుని రెండు మూడు నెలలు వాడి చూడండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి. పట్టికల గీతలు, పేజీల విరుపులు అటూఇటూ కావచ్చు. ఇక మార్చనక్కరలేని పత్రాలను పీడీఎఫ్‌గా దాచుకుంటే ఆ బెడద ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ వంతు వచ్చినప్పుడు కూడా ఒక్కసారిగా దూకనక్కరలేదు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయా అన్నది అప్పుడే తేలిపోతుంది. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో మొరాయిస్తాయి.

అందరూ మారాలని నేను అనను. లెక్కలు ట్యాలీలో రాసే చోట విండోస్ ఉండనివ్వండి. సంచిక పేజీలు పెట్టే ఆయనను రాత్రికి రాత్రి మారమంటే సంచికే ఆగిపోతుంది. పిల్లల గది సంగతి వేరు. అక్కడ కావలసింది టైపింగ్, లెక్కల పట్టిక, బ్రౌజర్. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపేది బ్రౌజర్‌లోనే కదా, దానికి కింద ఏ సిస్టమ్ ఉన్నా ఒకటే.

బీఎడ్ చదివినవారికి ‘అభ్యసన బదలాయింపు’ అనే పాఠం గుర్తుండే ఉంటుంది. ఒకచోట నేర్చినది మరోచోట సాయపడితే అనుకూలం, అడ్డుపడితే ప్రతికూలం. అనులో ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడిన చేతులు మరో కీబోర్డుపై తడబడడం ప్రతికూల బదలాయింపే. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్న అమ్మాయికి ఆ బాధ ఉండదు, ఎందుకంటే ఆ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకటే. హిందీ రాయాలన్నా ‘క’ ఉండే చోటు మారదు. అందుకే పిల్లలకు ఫలానా బొమ్మ మీద నొక్కమని కాక, ఫైలు అంటే ఏమిటి, ఎక్కడ దాస్తున్నాం, ఏ రూపంలో దాస్తున్నాం అని నేర్పితే ఏ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినా వారం రోజుల్లో దారికి వస్తారు. పెద్దలకు ఇంకొంచెం ఓపిక కావాలి. ఆ మాట తోటి ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకునే అంటున్నాను.

పాత కంప్యూటర్ ఇవ్వదలచినవారు దానికి తోడు ఒక ఎస్‌ఎస్‌డీ వేయించి ఇస్తే, కొత్త కంప్యూటర్ ధరలో చిన్న భాగానికే అది మరికొన్నేళ్లు ఉపయోగపడుతుంది. లైసెన్సులకు పెట్టే డబ్బు అటు మళ్లించడం మేలు. ప్రాసెసర్ ఏ తరానిది, ర్యామ్ ఎంత, కొన్నది ఏ సంవత్సరం అన్నవి ఒక చీటీ మీద రాసి అంటించండి. ఇచ్చే ముందు మీ ఫైళ్లను వేరేచోట దాచుకుని, డిస్క్‌ను పూర్తిగా తుడిపించండి. డిలీట్ చేసినంత మాత్రాన ఆధార్, పాన్ కార్డుల స్కాన్లు పోవు, తెలిసినవారు వాటిని తిరిగి బయటకు తీయగలరు. తుడిచే వీలు లేకపోతే డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, మిగతాది పంపండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ కూడా జత చేయండి.