నెరసిన జుట్టు విశ్వాసికి వెలుగు

మానవుణ్ణి చక్కని రూపంలో సృజించి, బాల్య యౌవన వార్ధక్యాలను అతనికి దశలుగా నిర్ణయించిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు కురియుగాక!



మన ధర్మపురి పరిసరాలలో యౌవనమంతా గల్ఫ్ ఎండలలో గడిపి, తల నెరసి ఇల్లు చేరిన తండ్రులున్నారు. బీడీలు చుట్టి సంసారాన్ని నిలబెట్టి, ముఖాన ముడుతలు పడిన తల్లులున్నారు. ఆ ముడుతలు పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ వారు చెల్లించిన మూల్యం. అయినా వారిని చూసి "ముసలివాళ్లయిపోయారు" అని నవ్వే నోళ్లు మన ఇళ్లలోనే ఉన్నాయి. వయసును చెరిపివేస్తామనే ప్రకటనలు ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చాయి. కనుక సౌందర్య శస్త్రచికిత్స గురించి ధర్మం ఏమంటుందో తెలుసుకోవలసి ఉంది.

ఇస్లాం చికిత్సను నిరోధించదు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా బిన్ అస్అద్ (ర) వెండి ముక్కు అమర్చుకున్నారు. దాని నుండి దుర్వాసన రాగా, బంగారు ముక్కు అమర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ, లోపాన్ని సరిదిద్దుకొనేందుకు అనుమతి లభించింది. కాబట్టి కాలిన చర్మానికి, ప్రమాదంలో దెబ్బతిన్న ముఖానికి, పుట్టుకతో చీలిన పెదవికి శస్త్రచికిత్స ధర్మసమ్మతమే.

అయితే వార్ధక్యం లోపం కాదు. బలహీనతతో మొదలై, బలాన్ని పొంది, తిరిగి బలహీనతకూ నెరసిన తలకూ చేరడం అల్లాహ్ నిర్ణయించిన క్రమమని రూమ్ సూరా 54వ ఆయత్ బోధిస్తుంది. కేవలం అందం కోసం పళ్లను అరగదీయించుకొని దైవసృష్టిని మార్చేవారిని ప్రవక్త (స) శపించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. 2007 జులైలో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ భేదాన్నే స్పష్టం చేసింది. లోపాన్ని సరిచేయడం సమ్మతం. వ్యాధి ఏదీ లేకుండా, ముడుతలను పోగొట్టుకొనేందుకే శస్త్రచికిత్సలు, ఇంజెక్షన్లు చేయించుకోవడం సమ్మతం కాదు.

పైగా ఆ ఫలితమైనా నిలిచేది కాదు. బోటాక్స్ ఇంజెక్షన్ ముఖకండరాల కదలికను మూడు నాలుగు నెలలు ఆపుతుంది. ఆ తరువాత ముడుత తిరిగి వస్తుంది, ఖర్చూ తిరిగి వస్తుంది. ఇక కత్తితో చేసే ఏ చికిత్సలోనైనా ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది. తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే మరణించారు. అంతకు కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆమెపై తీర్పు చెప్పడం మన పని కాదు. రూపాన్ని బట్టే మనిషికి విలువ కట్టే లోకంలో మన వంతు ఎంతో ఆలోచించుకోవడం మన పని.

అలంకరణకు అభ్యంతరం లేదు. మక్కా విజయ సమయంలో హజ్రత్ అబూబక్ర్ (ర) తండ్రి అబూ ఖుహాఫా తెల్లగా నెరసిన తలతో రాగా, నలుపు కాక మరో రంగు వేయమని ప్రవక్త (స) సూచించారు. గోరింటాకు పెట్టుకోండి, శుభ్రమైన దుస్తులు ధరించండి. కాని నెరసిన వెంట్రుకలను పీకవద్దని, ప్రళయదినాన అవి విశ్వాసికి వెలుగవుతాయని ఆయన తెలియజేశారు. నా గడ్డంలో నల్లని వెంట్రుకలు ఇక లెక్కపెట్టదగినన్నే. ఈ శుభవార్త నాకెంతో ఊరట.

సోదరులారా! భార్య ముఖాన్ని తెర మీది ముఖంతో పోల్చకండి. తల్లిదండ్రుల వయసును హాస్యం చేయకండి. మన ఎత్తిపొడుపు మాటే ఎవరినైనా ఆ కత్తి కిందికి నెట్టవచ్చు. ఈ రోజు నమాజు ముగించి ఇంటికి వెళ్లాక, మీ కోసం ముడుతలు పడిన ఆ చేతులను ఒకసారి మీ చేతుల్లోకి తీసుకోండి.

అల్లాహ్ మన వార్ధక్యాన్ని గౌరవప్రదం చేయుగాక! పెద్దలను ఆదరించే మనసును మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.