పొరుగింటి క్షయ రోగికి మీరు చేయగల మేలు

మీ వీధిలో ఒకరికి టి.బి., అంటే క్షయ, అని తెలిసిందనుకోండి. చాలాచోట్ల మొదట జరిగేది ఆ ఇంటికి రాకపోకలు ఆగిపోవడం. మందులు ఆసుపత్రి ఇస్తుంది. కానీ వాటిని కనీసం ఆరు నెలలు విడవకుండా వాడాలంటే రోగికి మనుషుల తోడు కావాలి. ఆ తోడు మీరు కావచ్చు.

భయం ఎంతవరకు?

క్షయ గాలి ద్వారా సోకుతుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని గదిలో ఎక్కువసేపు కలిసి ఉండేవారికి ప్రమాదం ఎక్కువ. కంచం, గ్లాసు, బట్టల వల్ల ఇది అంటదు. సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో చాలామంది నుండి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. అంతవరకు రోగి నోటికి మాస్కు కట్టుకోవాలి. మీరు వరండాలోనో చెట్టు కిందో కూర్చుని పలకరించవచ్చు.

మందు గుర్తు చేయండి

రెండు నెలలకే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. చాలామంది మందు మానేసేది అప్పుడే. అలా మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని మొండి క్షయగా కూడా మారవచ్చు. "ఇవాళ మందు వేసుకున్నావా అక్కా?" అన్న ఒక్క మాట ఎంతో మేలు చేస్తుంది. రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. భయం లేదని చెప్పండి. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి.

పిడికెడు పప్పు విలువ

తిండి చాలని శరీరం క్షయకు త్వరగా లొంగిపోతుంది. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాలతో జరిపిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగికి మాత్రమే ఆహార దినుసులు ఇచ్చిన ఇళ్లకన్నా, ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడినవారు సుమారు 40 శాతం తక్కువ. కాబట్టి మీరు ఇచ్చే గుడ్లు, పాలు, పప్పు రోగికే కాదు, ఆ ఇంటి పిల్లలకూ రక్షణే.

మరి రెండు పనులు

ఆ ఇంట్లో మిగిలినవారందరినీ, ముఖ్యంగా చిన్నపిల్లలను, పరీక్షకు పంపండి. చికిత్స కాలంలో పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అది రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేనివారికి, కాగితాలు చదవలేనివారికి సాయం చేయండి.

ఒక ముఖ్య విషయం: వారి జబ్బు సంగతి నలుగురిలో చెప్పకండి. రహస్యం కాపాడటం కూడా వారికి మీరు చేసే మేలే.